ఇంటిని పరీక్షించే మనిషిని కొనేవారే వెతుక్కోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు కొనాలనుకునేవారికి సూచనలిస్తూ పత్రికల్లో వచ్చే వ్యాసాలను నేను చాలా ఏళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. దస్తావేజులు ఎలా సరిచూసుకోవాలో, అప్పు ఎంతవరకు తీసుకోవచ్చో, ఒప్పందంలో ఏయే షరతులు రాయించుకోవాలో వాటిలో వివరంగా ఉంటుంది. కట్టడం సంగతికి వచ్చేసరికి మాత్రం ‘కొనేముందు ఒక నిపుణుడికి చూపించుకోండి’ అన్న ఒక్క వాక్యంతో వ్యాసం ముందుకు సాగిపోతుంది. ఆ నిపుణుడు ఎవరు, ఆయన్ను ఎవరు పిలిపించాలి, ఏం అడిగి ఎంచుకోవాలి, ఆయన ఇచ్చే నివేదికలో ఏం ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు. ఆ జవాబు తెలియక ఒకసారి నష్టపోయి, రెండోసారి తెలుసుకుని జాగ్రత్తపడిన వ్యక్తిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా, ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్న పాఠకులకు పనికొస్తుందన్న నమ్మకంతో ప్రచురణకు పంపుతున్నాను.

మొదటిసారి నేను ఇల్లు కొన్నప్పుడు, బేరం కుదిర్చిన మధ్యవర్తే ‘మనకు తెలిసిన ఇన్‌స్పెక్టరున్నారు, రేపే తీసుకొస్తాను’ అన్నారు. వెతుక్కునే శ్రమ తప్పిందని సంతోషించాను. ఆ ఇన్‌స్పెక్టరు మర్నాడు వచ్చి, గదులన్నీ ఒకసారి తిరిగి, రెండు కొళాయిలు తిప్పి, నాలుగు స్విచ్చులు వేసి చూసి, ముప్పావుగంటలో ముగించారు. చేతికొచ్చింది ఒకే ఒక్క పేజీ. అందులో ‘ఇల్లు మొత్తమ్మీద సంతృప్తికరంగా ఉంది, చిన్న చిన్న మరమ్మతులు అవసరం కావచ్చు’ అని ఉంది. ఆ కాగితాన్ని నేను భద్రంగా దాచుకున్నాను కూడా. తొలి వానాకాలం సగం గడిచేసరికి పడకగది పైకప్పు మూలలో రంగు బుడగల్లా ఉబ్బింది. తర్వాత ఒక రాత్రి అరచేయంత పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. స్టూలు వేసుకుని చూస్తే లోపలి చువ్వ ఎర్రగా తుప్పుపట్టి, పొరలు పొరలుగా విచ్చుకుని, వేలితో గీకితే రాలిపోతోంది. కొత్తగా వేసిన పుట్టీ కింద పాత చెమ్మ మరక స్పష్టంగా కనిపించింది. అమ్మకానికి పెట్టేముందు ఎవరో దాన్ని కప్పేశారు, చూడాల్సిన మనిషి చూడలేదు.

ఆయన్ను నిందించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఎందుకు చూడలేదన్నది తర్వాత తీరిగ్గా ఆలోచించాను. ఆయనకు పని తెలియకపోవడం ఒక కారణం కావచ్చు. అంతకంటే పెద్ద కారణం, ఆయనకు నేను జీవితంలో ఒకసారి పనిచ్చే మనిషిని, ఆ మధ్యవర్తి నెలనెలా పనిచ్చే మనిషి. ఒక బేరం చెడగొట్టిన ఇన్‌స్పెక్టరును ఆ మధ్యవర్తి ఇంకో ఇంటికి పిలుస్తారా? ఎవరూ ఎవరికీ లంచం ఇవ్వనక్కర్లేదు, అబద్ధం చెప్పమని అడగనక్కర్లేదు. తన తర్వాతి పని ఎవరి చేతిలో ఉందో తెలిసిన మనిషి చూపు దానంతటదే మెత్తబడుతుంది. మధ్యవర్తుల్లో నిజాయతీపరులు లేరని నేను అనను, నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. కానీ మనం నమ్ముకోవాల్సింది వ్యక్తుల మంచితనాన్ని కాదు, మనం చేసుకునే ఏర్పాటును. ఇన్‌స్పెక్టరును కొనేవారే వెతుక్కోవాలి, కొనేవారే ఫీజు ఇవ్వాలి, నివేదిక నేరుగా కొనేవారికే అందాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ఇది నా సొంత అనుభవం నుంచి పుట్టిన అనుమానం మాత్రమే అనుకోనక్కర్లేదు. ఇంటి తనిఖీ ఒక వృత్తిగా స్థిరపడిన చోట్ల ఈ ప్రమాదాన్ని ఆ వృత్తిలోని వారే గుర్తించారు. అమెరికాలో 1976లో ఏర్పడిన ఇంటి తనిఖీదారుల సంఘం, అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్, తన సభ్యుల నీతి నియమావళిలో మూడు సంగతులు స్పష్టంగా రాసుకుంది. తనిఖీలో ఏం తేలిందన్న దాని మీద గానీ, ఇల్లు అమ్ముడవడం మీద గానీ ఆధారపడి ఉండే ప్రతిఫలాన్ని సభ్యులు ఒప్పుకోకూడదు. పని పంపించినందుకు ఇళ్ల ఏజెంట్లకు ప్రత్యక్షంగానో పరోక్షంగానో డబ్బు ముట్టజెప్పకూడదు. తాము తనిఖీ చేసిన ఇంట్లోని లోపాలను డబ్బు తీసుకుని తామే బాగుచేసే పనికి ఏడాదిపాటు పూనుకోకూడదు. ఈ మూడో నియమం గురించి మనం ఎక్కువగా ఆలోచించం. లోపాన్ని చెప్పిన మనిషే ‘మా కుర్రాళ్లతో చేయించేస్తాను’ అంటే మనకు సౌకర్యంగానే అనిపిస్తుంది. కానీ మరమ్మతు మీద సంపాదించే వ్యక్తికి లేని లోపం కూడా కనిపించవచ్చు, చిన్న లోపం పెద్దదిగా కనిపించవచ్చు. అమ్మకం మీద ఆశ ఉన్నవారు లోపాన్ని తగ్గించి చెబుతారు, మరమ్మతు మీద ఆశ ఉన్నవారు పెంచి చెబుతారు. మనకు కావలసింది ఈ రెండింటి మీదా ఆశ లేని మనిషి.

అందువల్ల ఎవరినైనా ఎంచుకునేముందు ఫోనులోనే మూడు మాటలు అడగమని నా సలహా. మీకు పనులు ఎక్కువగా ఎవరి ద్వారా వస్తాయి? ఈ ఇల్లు అమ్మేవారితో గానీ, మధ్యవర్తితో గానీ, కట్టిన సంస్థతో గానీ మీకు ఏదైనా సంబంధం ఉందా? మరమ్మతులు కూడా చేయిస్తారా? నిజాయతీగా పనిచేసే మనిషి ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే మనకు అక్కడే సగం జవాబు దొరికినట్టు.

ఇక అర్హత విషయం. కొన్ని దేశాల్లో, కొన్ని రాష్ట్రాల్లో ఈ పనికి లైసెన్సు తప్పనిసరి, చాలా చోట్ల అసలు అలాంటి ఏర్పాటే లేదు. లైసెన్సు ఉన్నచోట దాని సంఖ్య అడిగి, అది ఇచ్చిన కార్యాలయం వద్దే సరిచూసుకోవాలి. లేనిచోట సివిల్ ఇంజినీరును, వీలైతే కట్టడాల పటిష్ఠతలో ప్రత్యేకంగా చదువుకున్న స్ట్రక్చరల్ ఇంజినీరును వెతుక్కోవాలి. అయితే ఇక్కడొక తేడా గమనించాలి. కొత్త కట్టడానికి లెక్కలు వేసి డిజైన్ చేయడం ఒక విద్య, నిలబడి ఉన్న పాత కట్టడాన్ని చూసి దాని జబ్బు పట్టుకోవడం ఇంకో విద్య. మొదటిది బాగా వచ్చినవారందరికీ రెండోది రావాలని లేదు. అందుకే ‘ఎన్నేళ్ల అనుభవం ఉంది’ అన్న ప్రశ్న కంటే ‘ఇలాంటి వయసున్న, ఇలాంటి పద్ధతిలో కట్టిన ఇళ్లను ఎన్నింటిని కొనేవారి తరఫున పరీక్షించారు’ అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది. రాతి గోడల ఇల్లు, ఇటుక గోడల మీద స్లాబు వేసిన ఇల్లు, పిల్లర్లూ బీములూ వేసి కట్టిన అపార్ట్‌మెంటు, కలపతో కట్టిన ఇల్లు, ఇవన్నీ వేర్వేరు జబ్బులు పడతాయి.

తనిఖీ ఎంత లోతుగా జరగాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. బ్రిటన్‌లో సర్వేయర్ల సంస్థ రిక్స్ 2021 నుంచి అమలులోకి తెచ్చిన ప్రమాణం ప్రకారం ఇళ్ల తనిఖీని మూడు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయి పైపైన చూసి స్థితి చెప్పేది, రెండోది మామూలు ఇళ్లకు సరిపోయేది, మూడోది పాత ఇళ్లకూ బాగా మార్పులు చేసిన ఇళ్లకూ ఉద్దేశించిన సమగ్ర పరీక్ష. అలాంటి విభజన లేని చోట కూడా మనకు ఈ ఆలోచన పనికొస్తుంది. నలభై ఏళ్ల నాటి ఇంటికి, మధ్యలో గోడ పడగొట్టి గది పెంచిన ఇంటికి, కింది అంతస్తు మీద తర్వాతెప్పుడో పై అంతస్తు లేపిన ఇంటికి పైపై పరీక్ష చాలదు. ఆ సంగతి ఇన్‌స్పెక్టరే మనకు చెప్పాలి. అన్ని ఇళ్లకూ ఒకే గంట, ఒకే రుసుము, ఒకే కాగితం అనేవారిని పక్కన పెట్టడం మంచిది.

రెండోసారి ఇల్లు చూసుకున్నప్పుడు నేను చేసిన పనుల్లో అన్నింటికంటే ఎక్కువగా ఉపయోగపడింది, పాత నివేదికలు అడిగి చదవడం. ఇంటి యజమాని పేరు, చిరునామా తీసేసి ఇంతకుముందు రాసిన ఒక నివేదిక చూపించమని ముగ్గురిని అడిగాను. ఒకరు ఇవ్వలేదు. ఇంకొకరు ఇచ్చినదాంట్లో ప్రతి పేజీలోనూ ‘కనిపించినంతవరకు బాగుంది’, ‘సాధారణ స్థితి’, ‘అవసరమైతే నిపుణులను సంప్రదించగలరు’ అన్న మాటలే ఉన్నాయి. ఆ మాటల్లో ఏ ఇంటినైనా ఇమడ్చవచ్చు. మూడో నివేదికలో మొదటి ఫొటో చూడగానే తేడా తెలిసింది. ఒక గోడ పగులు, దాని మీద అడ్డంగా పెట్టిన చిన్న స్కేలు, కింద ఇలా రాసి ఉంది: ‘హాలు తూర్పు గోడ, కిటికీ పైమూల నుంచి స్లాబు వరకు ఏటవాలు పగులు. వెడల్పు కింద 1 మి.మీ., పైన 3 మి.మీ. బయటివైపు కూడా అదే చోట ఉంది. పాత పూత మళ్లీ పగిలింది కాబట్టి కదలిక ఆగలేదని అనుమానం. కొనేముందు పునాదిని స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి.’ ఎక్కడుంది, ఎంతుంది, ఎందుకు వచ్చి ఉండవచ్చు, దానివల్ల ఏమవుతుంది, ఇప్పుడు ఏం చేయాలి, ఈ అయిదూ ఆ వాక్యాల్లోనూ ఆ తర్వాతి పేరాలోనూ ఉన్నాయి. ఆ నివేదిక రాసినామెనే నేను ఎంచుకున్నాను.

పగుళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొనేవారు ఎక్కువగా భయపడేదీ, ఎక్కువగా మోసపోయేదీ వాటి విషయంలోనే. ప్రతి పగులూ ప్రమాదం కాదు. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చే వెంట్రుకవాసి గీతలకు బెంబేలెత్తి మంచి ఇంటిని వదులుకున్నవారున్నారు. బ్రిటన్‌లోని భవన పరిశోధన సంస్థ గోడల నష్టాన్ని అంచనా వేయడానికి వాడే వర్గీకరణలో 1 మి.మీ. వరకు ఉన్న పగుళ్లను రంగు వేసేటప్పుడు సర్దుకుపోయేవిగా, 5 మి.మీ. వరకు ఉన్నవాటిని పూడ్చుకోగలిగేవిగా, 15 నుంచి 25 మి.మీ. వెడల్పు ఉన్నవాటిని గోడలో కొంత భాగాన్ని తీసి మళ్లీ కట్టాల్సినంత తీవ్రమైనవిగా లెక్కిస్తారు. అయితే వెడల్పు ఒక్కటే కొలమానం కాదని ఆ వర్గీకరణను వాడేవారే చెబుతారు. పగులు ఎటు నడిచింది, ఒక కొసన వెడల్పుగా మొదలై ఇంకో కొసకు సన్నబడిందా, గోడకు రెండువైపులా ఉందా, తలుపు చట్రం పక్కకు ఒరిగి తలుపు బిగుసుకుంటోందా, ఇవన్నీ కలిపి చదివితేనే పునాది కుంగుతోందా లేదా అన్నది తెలుస్తుంది. నివేదికలో ‘పగుళ్లు ఉన్నాయి’ అని మాత్రమే ఉంటే అది మన కళ్లకు కనిపించినదాన్ని మనకే తిరిగి చెప్పడం.

తుప్పు సంగతీ అంతే. కాంక్రీటుకు పుట్టుకతో ఉండే గాఢమైన క్షారగుణం లోపలి ఇనుప చువ్వ మీద ఒక రక్షణ పొరను నిలబెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి ఇంకి ఆ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. చువ్వను కప్పిన కాంక్రీటు పలచగా ఉంటే అది త్వరగా చువ్వను చేరుతుంది. ఉప్పు కలిసిన నీటితోనో ఇసుకతోనో కట్టినా, సముద్రపు గాలి తగిలినా ఆ పొర ఇంకా ముందే దెబ్బతింటుంది. తర్వాత చెమ్మ చేరితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, లోపలి నుంచి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. మా పడకగదిలో ఊడిన పెచ్చు ఆ ఒక్క రాత్రి ఊడినది కాదు, ఏళ్ల తరబడి లోపల జరిగిన పని. చువ్వ వెంబడి గీత గీసినట్టు తిన్నగా సాగే పగులు, గోధుమరంగు మరక, తట్టితే డొల్లగా వచ్చే చప్పుడు దానికి ముందస్తు గుర్తులు. వాటిని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

నేను ఎంచుకున్న ఆమె పని ఎలా చేశారో దగ్గరుండి చూశాను. గదిలోకి రాగానే కిటికీ తలుపులు మూసి, టార్చిలైటును గోడకు ఆనించినట్టుగా పక్క నుంచి పట్టుకున్నారు. ఎదురుగా వెలుగు పడినప్పుడు నున్నగా కనిపించిన గోడ మీద ఆ పక్కవెలుగులో ఎగుడుదిగుళ్లు, పూడ్చిన చోట్లు, ఉబ్బిన రంగు అన్నీ నీడలతో బయటపడ్డాయి. సన్నటి కర్రకు చెక్క ముక్క బిగించి పైకప్పు మీద జానెడు జానెడుకీ తడుతూ వెళ్లారు. స్నానాల గది కింది భాగానికి వచ్చేసరికి చప్పుడు మారింది. తల తిప్పి నా వంక చూసి, ‘మీరు కూడా తట్టి చూడండి’ అని కర్ర నా చేతికిచ్చారు. గట్టి చోట టక్కుమన్న శబ్దం అక్కడ బొంగురుగా వచ్చింది. ఆ వలయాన్ని సుద్దముక్కతో గుర్తుపెట్టి, ఫొటో తీసి, కొలత రాసుకున్నారు. డాబా మీద పిట్టగోడ మొదట్లో నాచు పట్టిన చోటు, నీళ్లు పోయే గొట్టం వైపు కాకుండా గోడ వైపు ఉన్న వాటం, ట్యాంకు కింద తెల్లగా పేరుకున్న లవణాలు, మెట్ల కింద చెక్క అర వెనక పెన్సిలంత మందాన పాకిన చెదల మట్టి గొట్టం, కరెంటు లీకయితే తనంతట తానే పడిపోవాల్సిన 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చు బోర్డులో ఉన్నా పరీక్ష బటన్ నొక్కితే అది పడిపోకపోవడం, ఇలా ఒక్కొక్కటీ రాసుకుంటూ మూడు గంటలకు పైగా తిరిగారు. అమ్మేవారు మంచం జరపడానికి ఇష్టపడని ఒక గోడను ‘చూడలేదు’ అనే రాశారు. ఆ ఒక్క మాటతో ఆమె మీద నాకు నమ్మకం రెట్టింపయింది.

పరికరాల గురించి ఒక హెచ్చరిక. థర్మల్ కెమెరా ఉందని, తేమ మీటరు ఉందని, కాంక్రీటు మీద కొట్టి చూసే రీబౌండ్ హ్యామర్ ఉందని ప్రకటనల్లో గొప్పగా రాస్తున్నారు. అవి మంచి పరికరాలే. కానీ థర్మల్ కెమెరా గోడ లోపలి నీటిని చూపించదు, గోడ పైభాగపు ఉష్ణోగ్రతలోని తేడాను మాత్రమే చూపిస్తుంది. ఎండాకాలంలో ఎండిపోయిన కారుడు చోటు దానికి దొరకకపోవచ్చు. తేమ మీటరు చాలావరకు కలప కోసం తయారైన కొలత, గోడలో లవణాలుంటే ఉన్నదానికంటే ఎక్కువ తేమ చూపిస్తుంది. రీబౌండ్ హ్యామర్ ఉపరితలపు గట్టిదనాన్నే కొలుస్తుంది, పైభాగం కార్బన్ డయాక్సైడ్ వల్ల గట్టిపడిన పాత కాంక్రీటును అది నిజమైన బలం కంటే ఎక్కువ బలంగా చూపించగలదు. అందుకే ‘మీ దగ్గర ఏ పరికరాలున్నాయి’ అని అడిగి ఊరుకోకుండా, ‘ఈ పరికరం ఏ విషయం చెప్పలేదు’ అని కూడా అడగాలి. దాని పరిమితులు చెప్పగలిగిన వ్యక్తికే దాన్ని వాడటం తెలుసు.

తనిఖీలో చేరని సంగతులు ఏవో కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మామూలు ఇంటి తనిఖీ అంటే గోడ పగలగొట్టకుండా, నేల తవ్వకుండా, కంటికి అందేదాన్ని చూసే పరీక్ష. భూమిలోపలి మురుగు గొట్టాలు, పునాది కింది నేల, చెదలు, ఆస్‌బెస్టాస్ వంటి హానికర పదార్థాలు, స్థలం హద్దులు చాలా ఒప్పందాల్లో ఉండవు. వాటిలో మనకు అవసరమైనదాన్ని వేరే నిపుణులతో చేయించుకోవాలి. ఇన్‌స్పెక్టరు పొరపాటు చేస్తే ఆయన బాధ్యత తీసుకున్న ఫీజు వరకే పరిమితమని ఒప్పందంలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది చాలాసార్లు. సంతకం పెట్టేముందు ఆ వాక్యం వెతకాలి, వృత్తిపరమైన పొరపాట్లకు బీమా ఉందేమో అడగాలి. నేను మొదటిసారి ఒప్పందం అన్న కాగితమే అడగలేదు.

తనిఖీ రోజున కొనేవారు తప్పకుండా వెంట ఉండాలి. వెంట రావద్దనే ఇన్‌స్పెక్టరును నేనైతే ఎంచుకోను. కాగితం మీద ‘తీవ్రం’ అన్న మాటకూ, ఆ చోట నిలబడి విన్న మాటకూ చాలా తేడా ఉంటుంది. అలాగే ఆ రోజు కరెంటు, నీళ్లు ఉండేలా, డాబా తాళం, మీటరు గది తాళం అందుబాటులో ఉండేలా ముందే మాట్లాడుకోవాలి. వీలుంటే ఒకసారి వాన పడిన మర్నాడు చూపించుకోవడం మంచిది. అది కుదరకపోతే, అమ్మేవారి అనుమతితో స్నానాల గది నేల మీద, డాబా మీద 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చూడమని అడగవచ్చు. ఈ మధ్యనే రంగు వేసిన గది ఉంటే, అది ఒక్క గదికే ఎందుకు వేశారో తప్పకుండా అడగాలి.

అపార్ట్‌మెంటు కొనేవారు తమ నాలుగు గోడలు చూపించుకుని ఆగిపోతుంటారు. కింది పార్కింగులోని పిల్లర్లు, పై డాబా, నీటి ట్యాంకులు, లిఫ్టు గది, మురుగు గొట్టాలు దిగే సందు, వీటి ఖర్చు రేపు అందరి మీదా పడుతుంది కాబట్టి వాటిని కూడా పరీక్షలో చేర్చమనాలి. కొత్త ఇల్లు కదా, పరీక్ష ఎందుకు అనేవారికి ఒక్కటే చెబుతాను: కొత్త ఇంటి లోపాలు బయటపడే సమయం ఇంకా రాకపోవడం వేరు, అసలు లోపాలే లేకపోవడం వేరు.

ఇదంతా చేయాల్సింది డబ్బు చేతులు మారకముందు. అడ్వాన్సు ఇచ్చాక తనిఖీ చేయించుకుంటే వచ్చిన నివేదిక మనసు పాడుచేసుకోవడానికే ఉపయోగపడుతుంది. అడ్వాన్సు ముందే ఇవ్వక తప్పని పరిస్థితిలో, తనిఖీలో పెద్ద లోపం తేలితే డబ్బు వాపసు తీసుకునే హక్కు, లేదా మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలి. ఏది పెద్ద లోపమన్నది కూడా అందులోనే స్పష్టంగా ఉండాలి. ఆమె ఇచ్చిన ముప్ఫై పేజీల నివేదికతో నేను అమ్మేవారితో కూర్చున్నప్పుడు గొడవ పడాల్సిన అవసరమే రాలేదు. సుద్దతో గీసిన వలయం ఫొటోనూ, కొలతలనూ ఆయన కూడా చూశారు. స్నానాల గది వాటర్‌ప్రూఫింగ్, దాని కింది స్లాబు మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించడానికి ఒప్పుకున్నారు. ఆ మరమ్మతును నాకు నమ్మకమున్న మేస్త్రీతో, ఆ ఇన్‌స్పెక్టరుకు ఏ సంబంధమూ లేని మనిషితో చేయించుకున్నాను. పని పూర్తయ్యాక ఆమె మళ్లీ వచ్చి చూసి వెళ్లారు.

ఫీజు సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఇంటి ధరతో పోలిస్తే తనిఖీ ఫీజు చాలా చిన్న మొత్తం. అయినా ఆ చిన్న మొత్తంలోనే మనం బేరమాడతాం, తక్కువ చెప్పినవారిని పిలుస్తాం. అలా తక్కువకు వచ్చిన మనిషి రోజుకు నాలుగు ఇళ్లు చూస్తే తప్ప గిట్టుబాటు కాదు, రోజుకు నాలుగు ఇళ్లు చూసే మనిషి ఏ పైకప్పునూ జానెడు జానెడుకీ తట్టలేరు. మొదటి ఇంట్లో నేను మిగుల్చుకున్నది ఎంతో, తర్వాత ఆ పైకప్పుకు పెట్టింది ఎంతో నాకు తెలుసు.

ఈ ఉత్తరం ద్వారా మీకు ఒక విన్నపం. మీ పత్రికలో ఇళ్ల కొనుగోలు గురించి ప్రచురించే పేజీలో తనిఖీదారును ఎంచుకునే పద్ధతి మీద, అనుభవజ్ఞులైన స్ట్రక్చరల్ ఇంజినీర్లతో విపులమైన వ్యాసం రాయించండి. దానితోపాటు ఒక మంచి నివేదికలోని రెండు పేజీలనూ, పనికిరాని నివేదికలోని రెండు పేజీలనూ, పేర్లూ చిరునామాలూ తీసేసి, పక్కపక్కన అచ్చువేయండి. కావాలంటే రెండో రకానికి నా మొదటి ఇంటి నివేదిక పంపగలను. ఆ ఒక్క పేజీ ఇంకా నా దగ్గర ఉంది.

భవదీయుడు,
మీ పాఠకుడు